తనంతట తానే ఆగిన మోటరు

తొంభైల చివర్లో నేను నంద్యాలలో ఒక అద్దె మేడ పైన, డాబా మీద వేసిన ఒంటి గదిలో ఉండేదాన్ని. నా గది గోడకు ఆనుకునే ఆ మేడ మొత్తానికీ నీళ్ళిచ్చే సిమెంటు ట్యాంకు. తలుపు తీస్తే ట్యాంకు, కిటికీ తీస్తే ట్యాంకు. అద్దె తక్కువ కాబట్టి నాకేమీ ఫిర్యాదు ఉండేది కాదు.

మా ఊరు ఆళ్ళగడ్డ. మా నాయన శిల్పి. ఉలి చప్పుడుకు నిద్ర లేచి, ఉలి చప్పుడు ఆగాక అన్నం తినే ఇల్లు మాది. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ రేడియో లోపల ఏముందో చూడాలనే యావ. నాయన అడ్డం చెప్పలేదు. నంద్యాలలో పాలిటెక్నిక్‌లో చేర్పించి, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివించాడు. చదువు అవగానే బస్టాండు దగ్గర స్టెబిలైజర్లు తయారు చేసే చిన్న షాపులో పని దొరికింది. ఆ రోజుల్లో ఓల్టేజీ ఎప్పుడు ఎక్కేదో ఎప్పుడు దిగేదో ఎవరికీ తెలియదు. టీవీ ఉన్న ప్రతి ఇంటికీ ఒక స్టెబిలైజరు కావాలి. పగలంతా రాగితీగ చుట్టి, టంకం పెట్టి, సాయంత్రానికి సీసం వాసన కొడుతూ మేడ ఎక్కేదాన్ని.

మేడ యజమానురాలు కింది అంతస్తులో ముందు పోర్షన్లో ఉండేది. ఆమె భర్త బనగానపల్లె మామిడి తోటలు గుత్తకు పట్టి వ్యాపారం చేసిన మనిషి. ఆయన పోయాక ఈ మూడంతస్తుల మేడే ఆమెకు ఆధారం. అద్దెకున్న మేమంతా, హిందువులమూ ముస్లిములమూ అని లేకుండా, ఆమెను ఖాలమ్మ, అంటే పిన్నమ్మ, అనే పిలిచేవాళ్ళం. ఒంటరి ఆడపిల్లకు గది ఎందుకిచ్చావని ఎవరో అడిగితే, "ఒంటరి యాడుంది, కింద నేను లేనా" అందట. ఆ మాట తర్వాత నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ మేడలో అన్నీ బాగానే ఉండేవి, నీళ్ళు తప్ప. బోరులో నీళ్ళకు కొదవ లేదు. వాటిని పైకి ఎక్కించే మోటరు మెట్ల కింద చిన్న గదిలో ఉండేది. ఆ గది తాళం చెవి కింది అంతస్తులో వెనక పోర్షన్లో ఉండే ఒక విత్తనాల వ్యాపారి మొలతాడుకు వేలాడేది. మోటరుకు దగ్గరగా ఉంటాడని ఖాలమ్మ భర్తే ఎప్పుడో ఆయనకు ఆ చెవి ఇచ్చాడు. చెవితో పాటు పెత్తనం కూడా వచ్చేసింది. కరెంటు వచ్చినప్పుడు ఆయన ఇంట్లో ఉంటే మేడకు నీళ్ళుంటాయి. సంజామలకో కొత్తపల్లెకో విత్తనాలు అమ్మడానికి పోయి ఉంటే, అందరం బిందెలు పట్టుకుని చేతిపంపు దగ్గర నిలబడాల్సిందే. ఉన్నా, మోటరు వేసి మరిచిపోయేవాడు. అప్పుడు ట్యాంకు పొంగి నా గడప ముందు వాగు పారేది. నేను పైనుంచి కేక వేస్తే, కింద నుంచి ఆయన "వస్తాండా, వస్తాండా, నీళ్ళేమన్నా పాలా" అనేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ మేడలో తన అవసరం లేకుండా ఎవరూ స్నానం చేయలేరన్న సంగతి ఆయనకు ఇష్టంగా ఉండేది, అంతే.

ట్యాంకులో నీళ్ళెంత ఉన్నాయో చూడటానికి ఖాలమ్మ రోజూ తెల్లారి నమాజు అయ్యాక మెట్లన్నీ ఎక్కి పైకి వచ్చేది. మోకాళ్ళ నొప్పులు. ప్రతి మలుపులో ఆగి, గోడ పట్టుకుని, మళ్ళీ ఎక్కేది. నేను చూసి చెప్తానంటే వినేది కాదు. ఒక వానాకాలం పొద్దున చివరి మెట్టు మీద కాలు జారి పడింది. నేను పరుగెత్తి లేపి, నా మంచం మీద కూర్చోబెట్టి, మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టాను.

నొప్పి కాస్త తగ్గాక ఆమె నా బల్ల మీదున్న సగం విప్పిన స్టెబిలైజరు వైపు చూసింది.

"ఇదేం చేస్తాదమ్మా?"

"కరెంటు ఎక్కువొస్తే ఆపేస్తాది ఖాలమ్మా."

"ఎవురు ఆపుతారు?"

"ఎవురూ లేదు. దానంతట అదే."

ఆమె వేలితో ఆ పెట్టెను తట్టింది. "కరెంటు ఎక్కువైతే ఆగేది చేస్తాండావు గదా. మరి నీళ్ళు ఎక్కువైతే ఆగేది యాల చేయవు? మా అక్క కొడుకు దుబాయి నుంచి వచ్చినపుడు చెప్పినాడు. ఆడ మనిషి రూములోకి పోతే లైటు దానంతట అదే పడుతాదంట. మన మోటరుకు ఆ మాత్రం బుద్ధి రాదా?"

అంతకాలం ట్యాంకు పక్కనే పడుకుని లేస్తూ, ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

షాపు యజమానిని అడిగి పాత సామాను కొంత తెచ్చుకున్నాను. ట్యాంకులోకి లోహపు కడ్డీలు దించి, నీళ్ళు వాటిని తాకితే చిన్న కరెంటు పారేలా, ఆ కరెంటు అందగానే మోటరు ఆగేలా ఒక పెట్టె తయారు చేశాను. దాన్ని మోటరు గది బయటే, కరెంటు తీగ లోపలికి పోయే చోట బిగించాను. పెట్టిన రోజు అది చక్కగా పని చేసింది. కరెంటు రాగానే మోటరు దానంతట అదే తిరిగింది, ట్యాంకు నిండగానే ఆగింది. ఖాలమ్మ కింద కుర్చీలో కూర్చుని ఆ చప్పుడు విని, తస్బీ పూసలు తిప్పుతూ నవ్వుకుంది. రెండో అంతస్తులో ఉండే, ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ నాకు గిన్నెలో పాయసం పంపింది. విత్తనాలాయన మాత్రం మోటరు గది ముందు నిలబడి, తాళం వేసున్న తలుపు వెనక మోటరు తిరగడం విని, "తాళం నా దగ్గరుంటే ఇదెట్ల తిరుగుతాంది" అని పక్కవాళ్ళను అడిగాడు.

ఎండాకాలం వచ్చింది. బోరులో నీటి మట్టం దిగి, నీళ్ళల్లో సున్నం ఎక్కువైంది. మా వైపు నీళ్ళ సంగతి తెలిసిందే. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. ఆ పొరే నా కడ్డీలకూ కట్టింది. నీళ్ళు తాకినా కడ్డీకి తెలియడం మానేసింది. ఒక మధ్యాహ్నం నేను షాపులో ఉండగా మోటరు ఆగకుండా తిరిగింది. ట్యాంకు పొంగి, నీళ్ళు గోడ వెంట దిగి, వెనక వరండాలో పెట్టుకున్న పత్తి విత్తనాల సంచులను తడిపేశాయి.

సాయంత్రం నేను వచ్చేసరికి మేడలో వాళ్ళంతా కింద వాకిట్లో ఉన్నారు. సంచులు విప్పి విత్తనాలు ఎండలో పరిచారు. విత్తనాలాయన నా వైపు చూడకుండా ఖాలమ్మతో మాట్లాడాడు.

"నేను ముందే అనుకున్యా. మనిషి చేసే పని మనిషే చేయాల. పైగా నీళ్ళల్లో కరెంటు పెట్టింది. ఆ నీళ్ళతోనే పిల్లోళ్ళు స్నానం చేస్తాండారు. రేపు ఎవురికన్నా షాకు గొడితే ఎవురు జవాబు చెప్తారు?"

అది షాకు కొట్టేంత కరెంటు కాదని చెప్పాను. ఎవరూ విన్నట్టు లేదు. పిల్లల తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. షాకు మాట ఒకసారి పుట్టాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాదు.

ఖాలమ్మ అందరినీ చూసింది. "సరే అప్పా, తీసేయమంటా," అంది ఆయనతో. వెంటనే నా వైపు తిరిగింది. "తీసేసి, ఇంగోటి చెయ్యి. నీళ్ళల్లో కరెంటు ఉండగూడదు. సున్నం పట్టినా చెడగూడదు. చేస్తావా?"

"చేస్తా ఖాలమ్మా," అన్నాను. ఎట్లా చేస్తానో నాకు తెలియదు. ఆమె అడిగిన తీరు అలాంటిది.

చాలా రోజులు దారి దొరకలేదు. తేలే బంతి ఒకటి పెట్టి చూశాను. ట్యాంకు లోపల నీళ్ళ తాకిడికి అది ఊగి, మోటరు తిరిగి ఆగి తిరిగి ఆగి, కాలిపోయేలా ఉంటే ఆపేశాను. విసుగొచ్చి, షాపులో సెలవు అడిగి, ఆళ్ళగడ్డ బస్సెక్కాను.

ఇంటికి పోయేసరికి నాయన ఒక చిన్న నందిని పూర్తి చేసి ఉన్నాడు. నల్లరాయి. పాలిష్ చేశాక పట్టిన పొడి పోవడానికి మా పెరట్లో నీళ్ళ తొట్టి ఉండేది. విగ్రహానికి తాడు కట్టి, ఆ తొట్టిలో ముంచి తీస్తారు. "పాపా, ఒక చెయ్యి పట్టు," అన్నాడు. తాడు ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకున్నాం. గాలిలో ఉన్నంతసేపు చేతులు తెగిపోయేంత బరువు. నీళ్ళల్లో దిగగానే చేతుల్లో బరువు సగం ఎవరో పట్టుకున్నట్టు తేలికైంది. పైకి తీస్తుంటే మళ్ళీ బరువు.

చిన్నప్పటి నుంచీ ఆ తాడు ఎన్నిసార్లు పట్టుకున్నానో. ఆ రోజు మాత్రం నేను వదల్లేదు.

"నాయనా, ఇంగోసారి దించుదాం."

"కడిగినాం గదమ్మా."

"కడగడానికి గాదు. దించుదాం."

ఆయన నా మొహం చూసి, తాడు వదులు చేసి దించాడు. మళ్ళీ తీశాం. మళ్ళీ దించాం. మా అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసి, "తండ్రీ కూతుళ్ళకు ఏందో అయ్యింది" అంది.

నాకు దొరికింది ఇది. ట్యాంకు పైన, నీళ్ళకు దూరంగా ఒక స్విచ్చి. ఆ స్విచ్చిని పైకి లాగుతూ ఒక స్ప్రింగు. కిందికి లాగుతూ ఒక తాడు, ఆ తాడుకు రెండు రాళ్ళు, ఒకటి ట్యాంకు అడుగు దగ్గర, ఒకటి అంచు దగ్గర. ట్యాంకు ఖాళీ అయితే రెండు రాళ్ళూ గాలిలో వేలాడతాయి, వాటి నిండు బరువు స్విచ్చిని కిందికి లాగి మోటరు వేస్తుంది. నీళ్ళు ఎక్కి కింది రాయి మునిగితే బరువు కొంచెం తగ్గుతుంది, అయినా స్విచ్చి కదలదు. పై రాయి కూడా మునిగితే బరువు చాలక, స్ప్రింగు గెలిచి స్విచ్చి పైకి లేస్తుంది. మోటరు ఆగుతుంది. నీళ్ళు దిగి కింది రాయి కూడా బయటపడేదాకా మళ్ళీ తిరగదు. నీళ్ళల్లో ఉండేది రాయీ తాడూ మాత్రమే. సున్నం పట్టినా రాయికి ఏమీ కాదు. షాకు అన్న మాటే లేదు.

నాయనకు అదంతా పెరటి మట్టిలో పుల్లతో గీసి చూపించాను. ఆయన గొంతుక్కూర్చుని, ఆ గీతల వెంట వేలు పోనిచ్చాడు.

"అయితే రాయి మోటరును ఆపుతాదంటావ్."

"రాయి గాదు నాయనా, రాయి తేలిక కావడం."

"రెండూ ఒకే బరువు ఉండాల్నా?"

"ఉండాల. నీళ్ళల్లో దానికీ దీనికీ తేడా రాగూడదు."

"ఆకారం?"

"నీ ఇష్టం."

అది ఆయనకు చెప్పకూడని మాట. ఏదో రెండు రాళ్ళకు బెజ్జం వేసి ఇస్తాడనుకున్నాను. ఆయన మాత్రం ఒకే బండ నుంచి రెండు ముక్కలు తీసి, మూలలన్నీ తీసేసి, కోడిగుడ్డులా నున్నగా చేయడం మొదలుపెట్టాడు. నీళ్ళల్లో ఉండేదానికి మూలలుంటే పాచి పడుతుందట. తాడు పోయే బెజ్జం అంచును కూడా గుండ్రంగా చేశాడు, తాడు కోసుకుపోకుండా. పక్కింటి శిల్పి వచ్చి, "ఏందన్నా, యా గుడికి ఇయ్యి?" అని అడిగితే, "మా పాప మోటరుకు," అని తల ఎత్తకుండా చెప్పాడు.

బకెట్టులో వేలాడదీసి, స్ప్రింగు త్రాసుతో తూచి, రెండింటికీ బొటనవేలి గోరంత తేడా కూడా లేకుండా అయ్యాకే నా చేతికిచ్చాడు.

రాళ్ళను పాత చీరలో చుట్టి సంచిలో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాను. సంచి బరువు చూసి కండక్టరు ఏముందని అడిగాడు. విప్పి చూపించాను. నల్లగా నిగనిగలాడుతున్న రెండు గుడ్లు. పక్క సీటులో కూర్చున్న పెద్దమ్మ ఒకటి తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. "యా సామివమ్మా ఇవి?" అంది. నీళ్ళ ట్యాంకులో వేసేవని చెప్తే ఆమె ఏమనుకుంటుందోనని, "గంగమ్మకు సంబంధించినవే అవ్వా," అన్నాను. దిగేదాకా ఆమె తన కాళ్ళు ఆ సంచికి తగలకుండా ముడుచుకునే కూర్చుంది.

ఒక ఆదివారం పొద్దున బిగించాను. షాపులో దొరికిన గట్టి స్ప్రింగు, ఒక పాత మెషీను స్విచ్చి, ట్యాంకు నుంచి మోటరు గదిదాకా తీగ. ఆ తీగలో కూడా టార్చిలైటుకు ఉండేపాటి కరెంటే. ఆ కరెంటు అందుకుని మోటరును వేసే పెట్టెను ఈసారి పిల్లల చేతికి అందకుండా మోటరు గది లోపలే పెట్టాలి, అందుకు తాళం తీయాలి. విత్తనాలాయన దగ్గరికి పోయి అడిగాను.

"ఈసారి యాడ తడుస్తాది?" అన్నాడు.

"తడిస్తే మీ సంచులు నేనే మోసి ఎండబెడతా అన్నా."

ఆయన మొలతాడు నుంచి తాళం చెవి తీసి ఇచ్చాడు. తీసి ఇచ్చి, నా వెనకే వచ్చి, పని అయ్యేదాకా గుమ్మంలో నిలబడి, ప్రతి స్క్రూ ఎందుకని అడిగాడు. అన్నీ చెప్పాను. మునుపు ఎవరూ ఆయనకు చెప్పి ఉండరు.

ట్యాంకు ముందే ఖాళీ చేయించాం. కరెంటు లేదు. వచ్చే వేళకు మేడలో వాళ్ళందరూ ఒక్కొక్కరే డాబా మీదికి చేరారు. ఖాలమ్మ నర్సమ్మ భుజం పట్టుకుని మెట్లెక్కింది, నేను వద్దన్నా. "ఇదే ఆఖరుసారి ఎక్కేది" అని పైకి వచ్చి, నా కుర్చీలో కూర్చుంది. పిల్లలు ట్యాంకు అంచు పట్టుకుని లోపలికి తొంగి చూస్తున్నారు. రెండు నల్లరాళ్ళు తాడుకు వేలాడుతున్నాయి.

కరెంటు వచ్చింది. కింద, తాళం వేసిన గదిలో, ఎవరూ లేకుండా మోటరు అందుకుంది. పైపులోంచి ముందు గాలి, తర్వాత ఎర్రటి నీళ్ళు, తర్వాత తేట నీళ్ళు పడ్డాయి.

ట్యాంకు నిండడం చూస్తూ కూర్చోవడం ఎంత పొడుగు పనో ఆ రోజు తెలిసింది. నీళ్ళు కింది రాయిని తాకాయి, కప్పేశాయి. మోటరు తిరుగుతూనే ఉంది.

"ఆగలేదే," అన్నాడు విత్తనాలాయన.

"రెండోది మునగాల అన్నా. ఒక రాయికే ఆగితే, కొంచెం వాడుకోగానే మళ్ళీ తిరుగుతాది. ఊరికే ఆగి తిరిగి, మోటరు చెడుతాది."

ఆయన తలూపాడు. నీళ్ళు పై రాయి అడుగును తాకాయి. నడుము దాకా వచ్చాయి. రాయి మునిగింది. ఇంకా తిరుగుతోంది. ఖాలమ్మ పూసలు తిప్పడం ఆపింది. అప్పుడు తాడు కొంచెం వదులై, పైన స్ప్రింగు ముడుచుకుని, స్విచ్చి టక్కుమంది. కింద మోటరు ఆగింది. పైపు చివర నీటిధార సన్నబడి, చుక్కలై, అదీ ఆగింది. ట్యాంకు అంచుకు జానెడు కిందే నీళ్ళు నిలబడ్డాయి.

ముందు నర్సమ్మ చప్పట్లు కొట్టింది. తర్వాత పిల్లలు. తర్వాత అందరూ. ఖాలమ్మ నన్ను దగ్గరికి పిలిచి, రెండు చేతులూ నా తల చుట్టూ తిప్పి కణతల దగ్గర మెటికలు విరిచింది. "శభాష్ బేటీ," అంది. విత్తనాలాయన మాత్రం ట్యాంకు దగ్గరికి పోయి, లోపలికి వంగి, మునిగిన రాళ్ళను చూస్తూ నిలబడ్డాడు. వెనక్కి తిరిగి, "అంటే నీళ్ళల్లో రాయి తేలికైతాది. తేలికైతే స్ప్రింగు లాగేసుకుంటాది. అంతే గదా?" అన్నాడు.

"అంతే అన్నా."

"అంతే గదా," అని మళ్ళీ తనలో తను అనుకున్నాడు.

ఆయన తాళం చెవిని ఖాలమ్మకు తిరిగి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. "నీ దగ్గరే పెట్టుకో అప్పా. లోపల పెట్టెకు ఏమన్నా అయితే తెలిసినోడివి నువ్వే" అంది. అప్పటి నుంచి ఆ మేడకు ఎవరు వచ్చినా ఆయన డాబా మీదికి తీసుకొచ్చి, ట్యాంకు మూత ఎత్తి, రాళ్ళ సంగతి వివరంగా చెప్పేవాడు. నేను ఇంట్లో ఉన్నా నన్ను పిలిచేవాడు కాదు. నాకంటే బాగా చెప్పేవాడు కూడా.

ఆ ఎండాకాలం వీధిలో మిగతా ఇళ్ళకు నీళ్ళు అందకపోయినా మా మేడకు అందాయి. కరెంటు ఏ వేళకు వచ్చినా మోటరు దానంతట అదే తిరిగేది. ఖాలమ్మ మెట్లెక్కడం మానేసింది. కూర్చుని ఆలోచించే తీరిక దొరికిందేమో, ఒక్కొక్క కోరికా మొదలుపెట్టింది. మెట్ల మీద చీకటి. సాయంత్రం దీపాలు ఎవరో వేస్తారు, పొద్దున ఎవరూ ఆర్పరు. వెలుతురు తగ్గితే వాటంతట అవే వెలిగి, తెల్లారితే ఆరేలా చిన్న పెట్టె చేసి పెట్టాను. సాయంత్రం డ్యూటీ దిగి చీకటి పడ్డాక వచ్చే నర్సమ్మ, మెట్లన్నీ వెలుగుతుండటం చూసిన మొదటి రోజు, తన పోర్షన్ దాటి నేరుగా పైకి వచ్చి నాకు ఆ మాట చెప్పి పోయింది.

తర్వాత గేటు. పై అంతస్తుల వాళ్ళ కోసం వచ్చినవాళ్ళు వీధిలో నిలబడి పేరు పెట్టి అరిచేవాళ్ళు. పాత టెలిఫోన్ రిసీవర్లు సంపాదించి ఒక్కో పోర్షన్లో ఒకటి తగిలించాను. గేటు దగ్గర ఒక పెట్టె, దానికి పోర్షన్‌కొక బొత్తాం. నొక్కితే ఆ ఇంట్లో బెల్లు మోగుతుంది, ఎత్తి మాట్లాడవచ్చు. రెండో అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేది. బెల్లు మోగగానే పైట సర్దుకుని, జుట్టు నిమురుకుని, అప్పుడు రిసీవరు ఎత్తేది. ఎత్తి, "ఆ, చెప్పప్పా, బాగుండావా, ఇంట్లో అందరూ బాగుండారా?" అనేది. కింద పాలవాడు, "బాగుండాం అవ్వా, గిన్నె పట్టుకోని రా," అనేవాడు.

నంద్యాలలో ఈ మాట త్వరగానే పాకింది. పక్క వీధిలో ఒక మేడ, తర్వాత టెక్కె అనే పేటలో రెండు. ప్రతి కొత్త ట్యాంకుకూ నాయన ఒక జత రాళ్ళు చేసి బస్సులో పంపేవాడు. షాపు యజమానే చెప్పాడు, ఇంక నువ్వు నా దగ్గర తీగలు చుడుతూ కూర్చోవద్దు, సొంతంగా పెట్టుకో అని. రెండు వేల సంవత్సరం దాటాక ఖాలమ్మ మేడలోనే వీధి వైపు గదిలో షాపు తెరిచాను. రిబ్బను ఆమే కత్తిరించింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆళ్ళగడ్డ నుంచి పిలుపు వచ్చింది. అహోబిలం దారిలో ఒకాయన అద్దెలకని నాలుగంతస్తుల కట్టడం మొదలుపెట్టాడు. ద్వారం దగ్గర పెట్టడానికి విగ్రహం చెక్కమని అడగడానికి మా నాయన దగ్గరికి పోయి, మాటల్లో నంద్యాలలో రాళ్ళతో మోటరు ఆపే మనిషెవరో తెలుసా అని అడిగాడట. ఈ పని చేయడానికి మద్రాసు నుంచి రావాల్నేమో అని ఆయన భయం. నాయన ఆయన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "నేను కబురు పెడతా," అన్నాడట. అంతకు మించి చెప్పలేదు.

గోడలకు పూత వేయకముందే నన్ను పిలిచిన మొదటి కట్టడం అది. తీగలు పోవాల్సిన చోట గొట్టాలు వదలమని నేను గోడల మీద బొగ్గుతో గీస్తుంటే, మేస్త్రీలు నా వెనకే వచ్చి అడిగి చేశారు. నీళ్ళు, మెట్ల దీపాలు, గేటు బెల్లు, కరెంటు ఒక ఫేజు పోతే మోటరు కాలకుండా ఆపే పెట్టె, అన్నీ ఒకచోట ఒక బోర్డు మీదికి తెచ్చాను. నా చేతులతో నేను చేసిన వాటిల్లో అంత పొందికగా కుదిరింది అంతకు ముందు లేదు.

గృహప్రవేశానికి ఖాలమ్మ నంద్యాల నుంచి విత్తనాలాయన్ను తోడు తెచ్చుకుని బస్సులో వచ్చింది. ఆయన వచ్చీ రాగానే బోర్డు ముందు నిలబడి, ఎవరూ అడగకపోయినా, చుట్టూ చేరినవాళ్ళకు ఒక్కో దీపం దేనిదో చెప్పడం మొదలుపెట్టాడు. పోర్షన్లు అప్పటికే అద్దెకు కుదిరిపోయాయి, అన్నింట్లోనూ మనుషులు సామాను సర్దుకుంటున్నారు.

కట్టడం యజమాని గేటు బెల్లు మొదటిసారి నొక్కమని నాయన్ను అడిగాడు. నాయన పంచె అంచుకు చెయ్యి తుడుచుకున్నాడు, ఏ బొత్తామో తెలియక. అన్నీ నొక్కండి అన్నాను. అరచేయి చాచి, పెట్టె మీద ఉన్న బొత్తాలన్నీ ఒక్కసారే నొక్కేశాడు. నాలుగంతస్తుల్లోనూ బెల్లులు మోగాయి. ఒక్కొక్క ఇంట్లో రిసీవరు లేచింది, పెట్టెలోంచి ఒకరి మీద ఒకరు, "ఎవురూ?" "ఎవురప్పా?" అని గొంతులు.

నాయన పెట్టె దగ్గరికి వంగాడు. ఆ ఊళ్ళో ఆయన ఎవరో తెలియనివాళ్ళు లేరు. ఎన్నో ఊళ్ళ గుళ్ళల్లో ఆయన చెక్కిన విగ్రహాలున్నాయి.

"నేను, పాప నాయన్ని," అన్నాడు.

"యా పాప?" అని మూడో అంతస్తు నుంచి ఎవరో ఆడమనిషి గొంతు.

"నువ్వు మాట్లాడతాండావే, ఈ ఫోను పెట్టిన పాప," అన్నాడు నాయన. "బెల్లు బాగా మోగిందామ్మా?"

బాగా మోగిందని అన్ని అంతస్తుల నుంచీ చెప్పారు.